గ్లవ్స్ ఎంత మందంగా ఉన్నా బైక్ మీద వేళ్ళు ఎందుకు కొంకర్లు పోతాయి?

క్లుప్తంగా: చలికాలం బైక్ మీద చేతులు వెచ్చగా ఉంటాయా లేదా అనేది గ్లవ్స్ ఒక్కటే తేల్చేది కాదు. వేళ్ళకి వేడి వచ్చేది రక్తంతో, పోయేది గాలికి, తడికి, చల్లటి లివర్లకి. వచ్చేది తగ్గిపోయి పోయేది పెరిగిపోతే ఎంత మందం గ్లవ్స్ వేసినా చేతులు కాస్త లేటుగా చల్లబడతాయి, అంతే తేడా. గాలిని అడ్డుకోవడం, ఒంటిని వెచ్చగా ఉంచడం, లోపలికి నీళ్ళు రానివ్వకపోవడం, ఈ మూడూ గ్లవ్స్ మందం కంటే ఎక్కువ పని చేస్తాయి. ఇంకా చాలకపోతే కరెంటు వేడి ఉండనే ఉంది.

ప్రతి చలికాలం ఇదే కథ, పోయినేడు కొన్న గ్లవ్స్ పనికిరాలేదని ఈ ఏడు ఇంకా మందంవి కొంటారు, ఇరవై నిమిషాలు వెళ్ళేసరికి చిటికెన వేలు ఉందో లేదో తెలీదు, మళ్ళీ గ్లవ్స్‌నే తిట్టుకుంటారు. తప్పు చాలాసార్లు గ్లవ్స్‌ది కాదు, అసలు చెయ్యి ఎందుకు చల్లబడుతుందో చూస్తే అది తెలుస్తుంది.

ముందు చేతులకే ఎందుకు

శరీరానికి గుండె, మెదడు, పొట్టలోని అవయవాలు ముఖ్యం, వేళ్ళు కాదు. చలి తగలగానే చేతుల్లోని రక్తనాళాలు ముడుచుకుపోతాయి, వేడి రక్తం లోపలే తిరిగేలా ఒళ్ళు చూసుకుంటుంది. వేలి కొనల్లో ధమనుల్ని సిరలతో నేరుగా కలిపే చిన్న అడ్డదారులు చాలా ఉంటాయి, వేడిగా ఉన్నప్పుడు అవి తెరుచుకుని రక్తం ధారాళంగా పోతుంది, చలేస్తే మూసుకుపోతాయి. అవి మూసుకున్నాయంటే వేళ్ళకి చేరే వేడి బాగా పడిపోతుంది.

దీనికి తోడు వేలి ఆకారం. సన్నగా, పొడుగ్గా, చుట్టూ చర్మమే, లోపల కండ దాదాపు లేదు. వేళ్ళని ముడిచే పెద్ద కండలన్నీ మోచేతికీ మణికట్టుకీ మధ్యన ఉంటాయి, అక్కడి నుంచి స్నాయువులు తాళ్ళలాగా వచ్చి వేళ్ళని లాగుతాయి. అంటే సొంతంగా వేడి పుట్టించే కండ వేలిలో లేదు, పైనుంచి రక్తం తెచ్చిందే దిక్కు.

నడిచేవాడికీ బైక్ మీద కూర్చున్నవాడికీ తేడా కూడా ఇక్కడే ఉంది. నడిచే మనిషి కాళ్ళూ చేతులూ ఆడిస్తాడు, ఒళ్ళు వేడి పుట్టిస్తూనే ఉంటుంది. బైక్ మీద కదలిక తక్కువ, పైగా గ్రిప్‌ని గంటల తరబడి ఒకే తీరుగా బిగించి పట్టుకోవడంతో ముంజేతి కండల్లో రక్తం ఆడటం ఇంకా తగ్గుతుంది. కొందరికి చలికి వేళ్ళు తెల్లగా పాలిపోయి తర్వాత నీలంగా మారతాయి, దీన్ని రేనాడ్స్ అంటారు, 1862లో మోరిస్ రేనో అనే ఫ్రెంచ్ డాక్టర్ వివరించినది. ఇది ఉన్నవాళ్ళ రక్తనాళాలు మామూలు చలికే గట్టిగా ముడుచుకుంటాయి కాబట్టి గ్లవ్స్ మార్చుకుంటూ పోతే పెద్దగా లాభం ఉండదు, వేడి బయటినుంచి ఇవ్వాల్సిందే. బయల్దేరే ముందు ఒక సిగరెట్ కాల్చి వెళ్దాం అనుకునేవాళ్ళు కూడా గమనించాలి, నికోటిన్ చేసేదీ రక్తనాళాల్ని ముడిచే పనే.

స్పీడ్ ఎంత కొరుకుతుంది

చర్మానికి ఆనుకుని పల్చటి గాలి పొర ఒకటి ఉంటుంది, అది వెచ్చబడి ఒక దుప్పటిలా కాస్తుంది. గాలి వీస్తే ఆ పొర కొట్టుకుపోయి చల్లగాలి దాని చోట్లోకి వస్తుంది, చర్మం దాన్ని మళ్ళీ వేడి చేయాలి, అదీ పోతుంది. విండ్ చిల్ అనేది దీన్ని లెక్కకట్టే పద్ధతి. ఇప్పుడు అమెరికా, కెనడా వాతావరణ శాఖలు వాడే ఫార్ములా 2001లో వచ్చింది, గాలి సొరంగంలో మనుషుల్ని నడిపించి ముఖం ఎంత చల్లబడుతుందో కొలిచి తేల్చింది.

ఆ ఫార్ములాలో 5 డిగ్రీల చలిని పెట్టి చూస్తే, 40 కిలోమీటర్ల గాలికి సుమారు మైనస్ 1 అనిపిస్తుంది, 80కి మైనస్ 3, 100కి మైనస్ 3 దాటి కొంచెం. బయట సున్నా ఉంటే 80 దగ్గర మైనస్ 10 వరకు పోతుంది. అసలు ఆసక్తికరమైన సంగతి ఈ అంకెల మధ్య ఉన్న తేడాలో ఉంది. గాలి లేని చోటు నుంచి 40కి వెళ్ళేసరికే దాదాపు 6 డిగ్రీలు పడిపోయింది, 40 నుంచి 100కి వెళ్తే పడింది 3 డిగ్రీలు కూడా కాదు. చలేస్తోందని 80 నుంచి 60కి స్పీడ్ తగ్గిస్తే పెద్దగా ఒరిగేది లేదని, చేతి ముందు గాలిని అడ్డుకునేది ఏదన్నా పెడితే మాత్రం బోలెడు లాభం అని దీని అర్థం.

రెండు జాగ్రత్తలు చెప్పుకోవాలి. ఈ లెక్క ముఖం మీది ఉత్త చర్మానికి కట్టింది, గ్లవ్ లోపలి వేలికి అచ్చంగా వర్తించదు, పైగా ఫార్ములాలో గాలి వేగం అంటే నేల నుంచి 10 మీటర్ల ఎత్తులో కొలిచింది, మనిషి ఎత్తులో గాలి అంతకంటే తక్కువే ఉంటుందని ముందే అనుకుని కట్టిన లెక్క. బైక్ మీద చేతికి తగిలేది పూర్తి వేగం కాబట్టి నిజంగా అనిపించేది ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. రెండోది, విండ్ చిల్ ఏ వస్తువునీ బయటి గాలి కంటే చల్లగా చేయలేదు. బయట 5 డిగ్రీలు ఉంటే ఎంత స్పీడ్‌లో పోయినా పొడి చర్మం గడ్డకట్టదు, 5 డిగ్రీలకి త్వరగా దిగుతుంది అంతే. కానీ బయట సున్నా కంటే తక్కువ ఉన్నప్పుడు ఉత్త చర్మం గాలికి దొరికితే ఫ్రాస్ట్‌బైట్, అంటే చలికి చర్మం గడ్డకట్టి దెబ్బతినడం, రావడానికి పట్టే టైమ్ బాగా తగ్గిపోతుంది.

చలి అంటే బాధ ఒక్కటే కాదు

వేలి చర్మం 15 డిగ్రీల కిందికి దిగితే వేళ్ళ చురుకు తగ్గడం మొదలవుతుంది, ఇంచుమించు 8 డిగ్రీల దగ్గర స్పర్శ బాగా పోతుంది. రైడింగ్‌లో అది ఎలా బయటపడుతుందంటే, ఇండికేటర్ స్విచ్ దొరకదు, హారన్ నొక్కబోయి ఇంకేదో నొక్కుతారు, బ్రేక్ లివర్ ఎంత లాగారో వేళ్ళకి తెలీదు. ముందు బ్రేక్‌ని మెల్లగా పిండాల్సిన చోట ఒక్కసారిగా గుంజేస్తారు, చల్లటి తడి రోడ్డు మీద అది చేయకూడని పని. 80 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకి 22 మీటర్లు, బిగుసుకుపోయిన వేళ్ళు లివర్ మీదకి రావడానికి అర సెకను ఎక్కువ తీసుకుంటే బ్రేక్ పడేలోపే 11 మీటర్లు అయిపోతాయి.

నొప్పి పుడుతున్నంతసేపూ ఫర్వాలేదు, అది హెచ్చరిక. నొప్పి ఆగిపోయి ఏమీ తెలియకుండా పోతే మాత్రం అలవాటు పడ్డామని అనుకోకూడదు, నరాలు సమాచారం పంపడం మానేశాయి.

మందం ఎక్కడ దాకా పనికొస్తుంది

గ్లవ్‌లో వేడిని ఆపేది బట్ట కాదు, బట్ట పోగుల మధ్య చిక్కుకున్న కదలని గాలి. ఆ గాలి నలిగిపోతే పని అయిపోయినట్టే. గ్రిప్ పట్టుకున్నప్పుడు అరచేతి వైపు, లివర్ మీద పెట్టిన వేళ్ళ లోపలి వైపు ఇన్సులేషన్ అణిగిపోతుంది, అసలు కంట్రోల్ కోసం కంపెనీలు అక్కడ పల్చగానే పెడతాయి కూడా. అందుకే అరచేతి వైపు వేడి రబ్బరుకీ లోహానికీ పోతుంది, చేతి పై వైపు గాలికి పోతుంది, ఇవి రెండు వేరే వేరే సమస్యలు, ఒకే మందు పనికిరాదు.

ఇంకో చిక్కు లెక్కల్లో ఉంది. వేలు సన్నటి గొట్టం లాంటిది, దాని చుట్టూ పొర మందం పెంచే కొద్దీ బయటి చుట్టుకొలత కూడా పెరుగుతుంది, వేడి పోయే చోటూ పెరుగుతుంది. మొదటి కొన్ని మిల్లీమీటర్లు బాగా పనిచేస్తాయి, ఆ తర్వాత కలిపే ప్రతి మిల్లీమీటరూ ఇచ్చేది తక్కువ, చేతిని మొద్దు చేసేది ఎక్కువ. వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండే మిటెన్స్ వెచ్చగా ఉండటానికి కారణం ఇదే, గాలికి తగిలే ఉపరితలం తగ్గుతుంది, వేళ్ళు ఒకదానికొకటి కాపు పెట్టుకుంటాయి. వాటితో క్లచ్, బ్రేక్ కష్టం కాబట్టి రెండేసి వేళ్ళు ఒక గదిలో పెట్టే పీత డెక్కల్లాంటి గ్లవ్స్ కూడా వచ్చాయి, చూడ్డానికి వింతగానే ఉంటాయి గానీ పద్ధతి సరైనదే.

సైజు విషయం చాలామంది పట్టించుకోరు. బిగుతు గ్లవ్ రెండు రకాల దెబ్బ కొడుతుంది, లోపలి గాలిని నలిపేస్తుంది, రక్తం ఆడకుండా నొక్కేస్తుంది. సరిపోయిన గ్లవ్స్ లోపల ఇంకో ఉన్ని గ్లవ్స్ దూర్చి వేసుకుంటే చేతులు ఇంకా చల్లబడటం ఇందువల్లే. లోపల లైనర్, అంటే పల్చటి లోపలి గ్లవ్, వేసుకునే ఆలోచన ఉంటే లైనర్‌తోనే సైజు చూసి కొనాలి, గ్రిప్ పట్టుకున్నట్టు పిడికిలి ముడిచినప్పుడు వేలి కొన దగ్గర కాస్త ఖాళీ మిగలాలి.

యూరప్‌లో బైక్ గ్లవ్స్‌కి ఉన్న ప్రమాణం ఈఎన్ 13594. 2015 నాటి వెర్షన్‌లో లెవెల్ 1, లెవెల్ 2 అని ఉంటాయి, పిడికిలి ఎముకలకి రక్షణ పాసైతే కేపీ అని రాస్తారు. ఇవన్నీ పడినప్పుడు చెయ్యి ఎంత దక్కుతుందనే దాని గురించే. చలికి ఆ లేబుల్ ఏ హామీ ఇవ్వదు.

తడి వేరే శత్రువు

నీళ్ళు వేడిని గాలి కంటే సుమారు 25 రెట్లు సులువుగా దాటిస్తాయి. గ్లవ్ లోపలి పోగుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీళ్ళు చేరాయంటే ఇన్సులేషన్ కాస్తా వేడిని బయటికి తోలే దారి అవుతుంది. దానికంటే ఘోరం ఆవిరి కావడం. ఒక గ్రాము నీళ్ళు ఆవిరైపోవడానికి దాదాపు 2400 జౌళ్ళ వేడి కావాలి. తడిసిన గ్లవ్స్ జతలోంచి గాలికి గంటలో 50 గ్రాముల నీళ్ళు ఆరిపోయాయి అనుకుందాం, లెక్క కడితే అది ఆ గంటంతా 33 వాట్ల వేడిని పీల్చినట్టు. హీటెడ్ గ్రిప్స్ ఇచ్చేది కూడా ఇంచుమించు అంతే. ఆ వేడి అంతా చేతి నుంచే పోదు, కొంత చుట్టూ ఉన్న గాలి నుంచి వస్తుంది, అయినా తడి గ్లవ్‌తో పోటీ పడటం ఎంత కష్టమో అర్థమవుతుంది.

వాటర్‌ప్రూఫ్ గ్లవ్స్‌లో సాధారణంగా బయట తోలు లేదా బట్ట, మధ్యలో పల్చటి పొర, లోపల లైనింగ్ ఉంటాయి. ఆ మధ్య పొరల్లో బాగా పేరున్నది గోర్‌టెక్స్, బాబ్ గోర్ 1969లో పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్‌ని వేగంగా సాగదీసి కనిపెట్టిన పదార్థం దీనికి మూలం. దాని రంధ్రాలు నీటి బొట్టు దూరలేనంత చిన్నవి, నీటి ఆవిరి బయటికి పోగలిగేంత పెద్దవి. అందుకే వాన ఆగుతుంది, చెమట పోతుంది. కాగితం మీద బాగానే ఉంది.

రోడ్డు మీద జరిగేది ఏంటంటే, బయటి తోలు నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతుంది. పొర చెక్కుచెదరలేదు, చేతికి ఒక్క చుక్క తగల్లేదు, అయినా చెయ్యి మంచులో పెట్టినట్టు ఉంటుంది, ఎందుకంటే ఆ బయటి తడి గాలికి ఆరుతూ లోపలి వేడిని లాక్కుంటోంది. పైగా బయట నీళ్ళు నిండి ఉంటే లోపలి చెమట ఆవిరి పోయే దారి లేక లోపలే నీరవుతుంది, గ్లవ్ కారుతోందని అనుకునేవాళ్ళలో కొంతమందికి నిజంగా తడిపింది వాళ్ళ చెమటే. బయటి పొర మీద నీళ్ళు బొట్లు బొట్లుగా జారిపోయే కోటింగ్ అరిగిపోయినప్పుడే ఇదంతా మొదలవుతుంది కాబట్టి స్ప్రేతోనో, తోలుకి మైనంతోనో దాన్ని మళ్ళీ పట్టించడం ఏడాదికోసారైనా చేయాల్సిన పని. గట్టి వాన అయితే గ్లవ్స్ మీద వేసుకునే పల్చటి రెయిన్ కవర్లు ఇంకా సూటైన దారి, తోలుని తడవనివ్వకపోతే ఈ గొడవే ఉండదు.

నీళ్ళు వచ్చే ఇంకో దారి మణికట్టు. బైక్ మీద చేతులు భుజం నుంచి కిందికి వాలి ఉంటాయి కాబట్టి జాకెట్ మీద పడ్డ వాన చేతి మీదుగా జారి గ్లవ్ దగ్గరకొస్తుంది. గ్లవ్ అంచు జాకెట్ పైన ఉంటే అది గరాటులా పనిచేస్తుంది, ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫ్ గ్లవ్ అయినా పైనుంచి నిండితే లోపల చెరువే. పొడి చలిలో మాత్రం అంచు జాకెట్ పైన ఉండటమే మేలు, గాలి స్లీవ్‌లోకి దూరదు. ఈ తగువు తీర్చడానికి రెండు అంచులు ఉన్న గ్లవ్స్ దొరుకుతాయి, ఒకటి స్లీవ్ లోపలికి, ఒకటి పైకి.

గాలిని ముందే ఆపితే

చెయ్యి దాకా వచ్చిన గాలితో పోరాడటం కన్నా హ్యాండిల్ దగ్గరే దాన్ని పక్కకి తోలడం తేలిక. హ్యాండ్‌గార్డులు చేతి పై వైపు పడే గాలిని చీలుస్తాయి, వాన జల్లునీ కొంత ఆపుతాయి. సన్నటి రాడ్ లాంటి గార్డు పడినప్పుడు లివర్‌ని కాపాడుతుంది గానీ గాలికి పనికిరాదు, వెడల్పు ప్లాస్టిక్ ఉన్నదే కావాలి.

చవకలో బాగా పనిచేసేవి మాత్రం హ్యాండిల్ మఫ్స్, గ్రిప్, లివర్, స్విచ్‌లు అన్నీ లోపల ఉండేలా కప్పే సంచులు. ఇవి గాలినీ వాననీ ఒకేసారి ఆపుతాయి, లోపల పల్చటి గ్లవ్స్‌తోనే సరిపోతుంది, వేళ్ళ చురుకు పోదు. హీటెడ్ గ్రిప్స్ ఉంటే వాటి వేడి కూడా సంచి లోపలే నిలుస్తుంది. అందంగా ఉండవు, వీటిని చాలామంది వద్దనేది అందుకే. నిజంగా చూసుకోవాల్సిన లోపాలు వేరే ఉన్నాయి. మెత్తటి మఫ్ స్పీడ్‌లో గాలికి అణిగి లివర్‌ని నొక్కొచ్చు, బ్రేక్ లైట్ వెలుగుతూనే ఉండొచ్చు, బ్రేక్ రాసుకోవచ్చు, కాబట్టి లోపల గట్టి పొర ఉన్నది ఎంచుకోవాలి. చెయ్యి బయటికి తీసి మళ్ళీ తేలిగ్గా లోపలికి పోతుందా అనేది బండి ఆపి ఉన్నప్పుడే పదిసార్లు చూసుకోవాలి.

కరెంటుతో వేడి

హీటెడ్ గ్రిప్స్ జత ఫుల్‌లో దాదాపు 30 నుంచి 50 వాట్లు తింటుంది. అవి వేడి చేసేది అరచేతిని, గాలి కొట్టేది చేతి పైభాగాన్ని, అందుకే అరచెయ్యి కాలిపోతూ వేలి కొనలు మొద్దుబారిపోయే విచిత్రం జరుగుతుంది. హ్యాండ్‌గార్డో, మఫ్సో తోడుంటేనే గ్రిప్స్ సత్తా తెలుస్తుంది. మందం గ్లవ్స్ వేస్తే ఆ వేడి కూడా లోపలికి రాదు, ఇన్సులేషన్‌కి వేడి ఏ వైపు నుంచి వస్తోందో తెలీదు కదా.

ఎడమ గ్రిప్ ఎప్పుడూ తక్కువ వేడెక్కుతోందనే ఫిర్యాదు ఉంటుంది. కుడి వైపు గ్రిప్ కింద యాక్సిలరేటర్ ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, అది వేడిని ఆపుతుంది. ఎడమ గ్రిప్ నేరుగా లోహపు హ్యాండిల్ మీద కూర్చుంటుంది, సగం వేడి హ్యాండిల్‌కే పోతుంది. కొన్ని కిట్లలో ఎడమ వైపు ఎలిమెంట్‌కి ఎక్కువ వాట్లు ఇవ్వడానికి కారణం ఇదే, లేకపోతే గ్రిప్ ఎక్కించే ముందు హ్యాండిల్‌కి హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే బిగుసుకుపోయే ప్లాస్టిక్ తొడుగు) తొడగడం ఒక దారి.

హీటెడ్ గ్లవ్స్‌లో తీగలు వేళ్ళ పై వైపు, కొనల చుట్టూ తిరుగుతాయి కాబట్టి వేడి కావాల్సిన చోటే పడుతుంది. బండికి వైర్‌తో కలిపేవి ఎంతసేపైనా నడుస్తాయి. బ్యాటరీవి ఫుల్‌లో పెడితే రెండు మూడు గంటలు వస్తే గొప్ప, చలికి లిథియం బ్యాటరీ ఇచ్చేది కూడా తగ్గుతుంది. ఏది పెట్టినా బండి తట్టుకుంటుందా అనేది ముందు ప్రశ్న. 12 వోల్టుల మీద 36 వాట్లు అంటే 3 ఆంపియర్లు, పెద్ద బండికి లెక్కలోకి రాదు గానీ చిన్న కమ్యూటర్ బండి ఛార్జింగ్ వ్యవస్థకి అది బరువే, ముఖ్యంగా ట్రాఫిక్‌లో ఐడిలింగ్ మీద ఉన్నప్పుడు. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండాలి, గ్రిప్స్ వేశాక అది 12.8 కిందికి దిగి అక్కడే ఉంటే వేడి బ్యాటరీలోంచి వస్తున్నట్టు, పొద్దున్నే బండి స్టార్ట్ కాదు. వైరింగ్ ఫ్యూజ్‌తో, ఇగ్నిషన్ ఆపితే తనంతట తనే కరెంటు ఆపేసే స్విచ్, అంటే రిలేతో ఉండాలి.

చేతులకి మందు ఛాతీ దగ్గర

ఇది వినడానికి వింతగా ఉంటుంది. ఒంటి మధ్యభాగం వెచ్చగా ఉండి ఇంకా వేడి మిగిలిందంటే శరీరం ఆ అదనపు వేడిని బయటికి పంపడానికి వాడే దారి చేతులే, వేలి కొనల్లోని ఆ అడ్డదారులు తెరుచుకుంటాయి. 1990ల చివర్లో కెనడాలో చేసిన ప్రయోగాల్లో ఛాతీని హీటెడ్ వెస్ట్‌తో వేడి చేస్తే గడ్డకట్టే చలిలో కూడా గ్లవ్స్ లేని వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. దీన్ని తిరగేసి చదవాలి, జాకెట్ గాలి ఆపకపోతే, మెడ దగ్గర గాలి దూరుతుంటే, ఒళ్ళు చల్లబడుతుంటే చేతులకి ఏ గ్లవ్స్ వేసినా రక్తం రాదు. మెడకి ఒక బఫ్ (మెడ చుట్టూ తొడుక్కునే గొట్టం లాంటి బట్ట), గాలి దూరని జాకెట్, కాళ్ళకి విండ్‌ప్రూఫ్ ప్యాంటు, ఇవి చేతుల ఖాతాలోనే రాయాల్సిన ఖర్చు. మణికట్టు దగ్గర రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ స్లీవ్‌కీ గ్లవ్‌కీ మధ్య రెండు వేళ్ళ ఖాళీ ఉన్నా వేళ్ళకి చేరే రక్తం దారిలోనే చల్లబడుతుంది.

ఇంకొన్ని

గ్లవ్‌లో పెట్టుకునే వేడి ప్యాకెట్లలో ఇనుప పొడి ఉంటుంది, అది తుప్పు పట్టేటప్పుడు వేడి పుడుతుంది. తుప్పుకి ఆక్సిజన్ కావాలి, బిగుతు వాటర్‌ప్రూఫ్ గ్లవ్ లోపల గాలి ఆడక అది చల్లారిపోతుంది, ప్యాకెట్ పాడైందని పారేస్తారు గానీ బయటికి తీసి ఊపితే మళ్ళీ వేడెక్కుతుంది. నైట్రైల్ చేతి తొడుగులు (డాక్టర్లు వేసుకునే పల్చటి రబ్బరు లాంటివి) గ్లవ్ లోపల వేసుకునే చిట్కా తడిసిన గ్లవ్‌తో ఇంటికి చేరాల్సిన రోజుకి బాగుంటుంది, చేతికీ తడికీ మధ్య ఒక పొర నిలుస్తుంది, రోజూ వాడితే మాత్రం చెమట లోపలే ఉడుకుతుంది.

వేళ్ళు మొద్దుబారితే బండి ఆపి చంకల్లో పెట్టుకోవడం, చేతుల్ని భుజం నుంచి గుండ్రంగా గట్టిగా తిప్పి రక్తాన్ని కొనలకి తోలడం మంచి పనులు. ఇంజిన్ మీద చేతులు ఆనించడం మంచిది కాదు, స్పర్శ లేని చర్మానికి కాలుతున్న సంగతి తెలీదు. చర్మం తెల్లగా, మైనంలా, గట్టిగా అయితే అది ఫ్రాస్ట్‌బైట్ కావచ్చు, రుద్దకూడదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

ఇంటికొచ్చాక తడి గ్లవ్స్‌ని హీటర్ మీద పడేయడం మామూలే, తోలు బిరుసెక్కి పగిలేది, లోపలి పొర అంటించిన జిగురు ఊడేది దాంతోనే. తడి చేతుల్ని విసురుగా లాగితే లైనింగ్ వేళ్ళతో పాటు బయటికొచ్చి మళ్ళీ సరిగ్గా కూర్చోదు, ఒక్కో వేలి కొన పట్టుకుని మెల్లగా తీయాలి. లోపల కాగితం కుక్కి, రెండు మూడు గంటలకోసారి మార్చి, మామూలు గది గాలికి వేళ్ళు పైకి ఉండేలా నిలబెడితే బయట పొడిగా కనిపించినా లోపల ఆరడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. వాన చలిలో రోజూ బండి తీసేవాళ్ళకి ఒక ఖరీదైన జత కంటే రెండు మామూలు జతలు ఎక్కువ వెచ్చగా అనిపించేది అందుకే, ఒకటి ఆరుతుంటే ఇంకోటి చేతికి ఉంటుంది.